మోనే కుప్పల దగ్గర కూలీలు ఎందుకు లేరు?

వెన్నెలవాకిలి:
1890-91లో ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మోనే జివెర్నీ అనే పల్లెలో తన ఇంటి పక్క పొలంలోని గడ్డివాములను వరుసగా చిత్రించాడు. 1891 మేలో పారిస్‌లో బొమ్మల వ్యాపారి ద్యురాన్-రుయెల్ తన గ్యాలరీలో వాటిలో 15 బొమ్మలు ప్రదర్శించాడు. మంచు ఉంది, ఎండ ఉంది, పొద్దుగూకే వేళ ఉంది. కోసినవాళ్ళు, కట్టలు కట్టినవాళ్ళు మాత్రం కనిపించరు. మోనే, ఆయన తోటివాళ్ళైన ఇంప్రెషనిస్టులు, అంటే మారే వెలుగును పట్టుకోవాలని చూసిన చిత్రకారులు, పల్లెను సెలవు రోజు చూడటానికి వచ్చిన పట్నవాసుల్లా చూశారని నా అభిప్రాయం. వాళ్ళకంటే ముందే, 1857లో, ఫ్రెంచ్ చిత్రకారుడు మిలే పరిగ ఏరుకునే ముగ్గురు ఆడవాళ్ళను చిత్రించాడు. ఆ వంగిన నడుములు చూస్తే మనకే నొప్పి పుడుతుంది. ఆయన చూపిన దారిని తర్వాతివాళ్ళు వదిలేశారు. కాదనేవారు చెప్పండి.

కళ్ళం:
ముందు ఒక మాట సరిచేయాలి. అవి గడ్డివాములు కావు, కుప్పలు. నూర్పిడి అయ్యాక మిగిలిన గడ్డితో వేసేది వామి. మోనే చిత్రించినవి గింజ ఇంకా వెన్నులోనే ఉన్న గోధుమ కుప్పలు. నూర్పిడి యంత్రం ఊరూరా తిరుగుతూ తమ ఊరికి వచ్చేదాకా, చలికాలమంతా అవి పొలంలోనే ఉండేవి. వాన దిగకుండా పైన గడ్డి కప్పేవారు. వామిలో ఉండేది పశువుల మేత, కుప్పలో ఉండేది ఏడాది పంట. అంత ఎత్తుగా, ఒక పక్కకు ఒరగకుండా కుప్ప వేయడం చేయి తిరిగినవాళ్ళకే సాధ్యం. మోనే అంత శ్రద్ధగా చూసింది వాళ్ళ చేతిపనినే. మనుషులు లేరన్నది మాత్రం నిజం, ఒప్పుకుంటాను.

అయితే అందరినీ మోనేతో ఒకే గాటన కట్టకండి. 1874 నుంచి 1886 దాకా జరిగిన ఇంప్రెషనిస్టుల 8 ప్రదర్శనల్లోనూ పాల్గొన్నది కమీల్ పిస్సారో ఒక్కడే. ఆయన పోంత్వాజ్‌లో, 1884 నుంచి ఎరాన్యీలో, పల్లె మనుషుల మధ్యే కాపురం ఉన్నాడు. కోతలు, ఆపిల్ పళ్ళు దులపడం, బట్టలు ఉతకడం, సంతలో కోళ్ళు అమ్మడం, అన్నీ ఆయన బొమ్మల్లో ఉన్నాయి. పరిగ ఏరేవాళ్ళను 1889లో ఆయనా చిత్రించాడు.

రంగులపెట్టె:
పద్ధతి సంగతి కూడా చూడాలి. మారిపోయే వెలుగును పట్టుకోవాలంటే ఆరుబయట త్వరత్వరగా వేయాలి. కుప్ప కదలదు, కొడవలి పట్టిన చేయి కదులుతుంది. అందుకే పిస్సారో మనుషులను విడిగా గీసుకుని, పెద్ద బొమ్మలను ఇంట్లో కూర్చుని పూర్తి చేసేవాడు. మీరు చెప్పిన 1889 నాటి బొమ్మ చుక్కల పద్ధతిలో, అంటే చిన్న చిన్న రంగు చుక్కలు పక్కపక్కన పెడుతూ వేసినది. ఆ పద్ధతి మరీ నెమ్మది. తర్వాత విసిగిపోయి ఆయనే దాన్ని వదిలేశాడు.

వెన్నెలవాకిలి:
కుప్పల విషయంలో నా మాట తప్పే, దిద్దుకుంటాను. కానీ పిస్సారో మీద నా అభ్యంతరం ఇంకా పెద్దది. 1880ల్లో అమెరికా గోధుమలు వచ్చిపడి ఫ్రాన్స్‌లో ధరలు పడిపోయాయి, జనం పల్లెలు వదిలి పట్నాలకు పోయారు. ఆ కష్టం ఆయన బొమ్మల్లో ఎక్కడ? రాజ్యమే వద్దన్న అరాచకవాది ఆయన. 1889లో బంధువుల కోసం 28 బొమ్మల సంపుటి గీశాడు. అందులో ఆకలి, ఆత్మహత్య, ధనస్వామ్యం మీద కోపం ఉన్నాయి. అది దాదాపు అంతా పట్నం కథే. కోపం పట్నానికి, ప్రశాంతత పల్లెకు పంచిపెట్టాడు. అది న్యాయమా?

కళ్ళం:
ఆ సంక్షోభం ఆయన బొమ్మల్లో లేదు. దాన్ని నేను సమర్థించను. కానీ ఆయన పల్లె పటంలో మాత్రమే చూసిన పల్లె కాదు. భార్య జూలీ బర్గండీ ద్రాక్షతోటల్లో పనిచేసే కుటుంబంలో పుట్టింది, ఆయన తల్లి ఇంట్లో పనికి వచ్చింది. ఎరాన్యీలో బొమ్మలు అమ్ముడుపోని రోజుల్లో ఆమె కూరగాయలు పండించి, కోళ్ళు, కుందేళ్ళు పెంచి పిల్లల కడుపు నింపింది. పొలం పని ఎంత బరువో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ బరువు తెలిసినవాడు కాబట్టే ఆయనకు మిలే 'ఆంజెలస్', పొలంలో పని ఆపి తల వంచి ప్రార్థన చేస్తున్న జంట బొమ్మ, నచ్చలేదు. 1887లో పారిస్‌లో మిలే ప్రదర్శన చూసి, దాని ముందు కన్నీళ్ళు పెట్టుకుంటున్నవాళ్ళ గురించి కొడుకు లూసియెన్‌కు విసుగ్గా రాశాడు. రెండేళ్ళకు అదే బొమ్మ వేలంలో 5,53,000 ఫ్రాంకులు పలికింది. కొన్నవాళ్ళ జాలి వల్ల ఏ కూలీకీ కూలి పెరగలేదు.

పిస్సారో 1881లో వేసిన రెండు బొమ్మలు చూడండి. ఒకదానిలో పల్లెపిల్ల చేతిలో పుల్ల పట్టుకుని గట్టు మీద కూర్చుంది. ఇంకోదానిలో ఒక అమ్మాయి కిటికీ పక్కన కాఫీ తాగుతోంది. మా అమ్మ నాట్లకు వెళ్ళేది. మధ్యాహ్నం గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చునే ఆ కాసేపట్లో ఆమె ముఖం ఎలా ఉండేదో నాకు తెలుసు. వంగిన నడుమును చిత్రించినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ కాసేపటిని చిత్రించినవాళ్ళను నేను కొద్దిమందినే చూశాను. మీరు న్యాయమా అని అడిగారు. ఆ కాఫీ అమ్మాయి బొమ్మ షికాగో మ్యూజియంలో ఉంది, ఒకసారి నెమ్మదిగా చూసి మళ్ళీ అడగండి.