సగం థ్రాటిల్ దాటితే మిస్సింగ్

ప్రశ్న: నేను కొన్న పాత కార్బురేటర్ బైకు ఐడిలింగ్‌లో నిలకడగానే ఉంటుంది గాని, సగం థ్రాటిల్ దాటగానే ఇంజను మిస్సవుతోంది (మధ్యమధ్యలో మండక కుదుపులిస్తోంది). కొత్త స్పార్క్ ప్లగ్ వేసినా మార్పు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఐడిలింగ్ బాగుంది కనుక పైలట్ జెట్‌ను (ఐడిలింగ్‌కు పెట్రోలు ఇచ్చే సన్న రంధ్రం) కాక మెయిన్ జెట్‌ను (థ్రాటిల్ ఎక్కువ తెరిచినప్పుడు పెట్రోలు ఇచ్చేది), పెట్రోలు వచ్చే దారిని ముందుగా అనుమానించాలి. మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచే చోక్‌ను కొద్దిగా వేసి నడిపినప్పుడు మిస్సింగ్ తగ్గితే పెట్రోలు చాలడం లేదనే అర్థం.

మరో జవాబు: చోక్ వేసినా తగ్గకపోతే ప్లగ్ క్యాప్, ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్‌కు కావలసిన అధిక వోల్టేజి ఇచ్చేది) చూడండి. థ్రాటిల్ తెరిచేకొద్దీ సిలిండర్‌లో పీడనం పెరిగి, స్పార్క్ రావడానికి ఎక్కువ వోల్టేజి అవసరమవుతుంది కాబట్టి, బలహీనమైన కాయిల్ లోపం అక్కడే బయటపడుతుంది.

ప్రశ్నించినవారు: చోక్ వేస్తే తగ్గిందండి. జెట్ విప్పుతాను.

జవాబు: దయచేసి తీగతో పొడవకండి, రంధ్రం పెద్దదైపోతుంది. కార్బురేటర్ క్లీనర్ కొట్టి గాలితో ఊదండి. ట్యాంకు మూతలోని గాలి రంధ్రమూ చూడండి, అది మూసుకుపోయినా పెట్రోలు సరిగా దిగదు.