ఈ వారం సమస్య: "ఎలుక పిల్లిఁ బట్టి యేడిపించె"

మోడరేటర్: మనవడి పుణ్యమా అని 1992 నాటి టామ్ అండ్ జెర్రీ సినిమా నిన్న మొత్తం చూశాను. పొట్టి చిత్రం కాదండోయ్, ఎనభై నిమిషాల పైచిలుకు. లేచేసరికి ఈ పాదం నాలుక మీద ఆడుతోంది:

ఎలుక పిల్లిఁ బట్టి యేడిపించె

ఇదే ఆఖరి పాదంగా మీరు అల్లే పద్యం, అదే పూరణ, ఆ జంట మీదే ఉండాలి. వినాయకుడి వాహనం దగ్గరికి పారిపోయే అలవాటున్నవాళ్లు ఈసారికి ఆగాలి. పై పాదంతో సంధి కలిసి పాదం మొదట "నెలుక", "యెలుక" అయినా నేను పట్టించుకోను. శనివారం రాత్రి దాకా గడువు.

చిక్కడపల్లి మాస్టారు: అసలిది సమస్యేనా అయ్యా? విరుద్ధంగా ఉంటేనే కదా పూరించేది. 1940 నుంచీ ఆ పిల్లికి ఏడుపే. అవధానంలో ఇలాంటిది అడిగితే పృచ్ఛకుణ్ణే వేదిక దింపేస్తారు. సరే, మీ మాట తీసెయ్యలేక:

బాంబు పేల్చి తోకఁ బట్టి గోడకుఁ గొట్టి
యిస్త్రి పెట్టె కింద నిఱుకఁ జేసి
కండ కొంచెమైనఁ గడుసుతనము చాలు
నెలుక పిల్లిఁ బట్టి యేడిపించె

బర్కత్‌పురా బాబాయి: మూడో పాదానికి చప్పట్లు. కానీ మాస్టారూ, ఇందులో సినిమా ఏదీ? ఇది ఏడు నిమిషాల బొమ్మ. సినిమాలో ఇల్లు కూలగొట్టేస్తే ఇద్దరూ రోడ్డున పడతారు, నోరు విప్పి మాట్లాడుకుంటారు, తండ్రిని వెతుక్కునే రాబిన్ అనే పిల్లకి తోడు నిలుస్తారు. మీరు చూడకుండానే రాశారని ఇస్త్రీ పెట్టె చెబుతోంది. నాది:

యాబదేండ్లు మూగయై యున్న నేస్తమే
నోరు విప్పి పలికె "నోయి మిత్ర!"
తన్నులాట మాని దగ్గఱఁ గూర్చుండి
యెలుక పిల్లిఁ బట్టి యేడిపించె

కూకట్‌పల్లి కోడలు: బాబాయ్‌గారూ, ఎంత బాగుందో! అన్నేళ్లు తన్నినా చలించని పిల్లి ఒక్క పలకరింపుకి కరిగిపోయిందన్నమాట.

చిక్కడపల్లి మాస్టారు: బాగుందమ్మా, అబద్ధం కూడా బాగానే ఉంది. 1943లో వచ్చిన "ద లోన్‌సమ్ మౌస్"లో ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. మరి యాబదేండ్లు మూగ ఎలా అవుతారు? పైగా "నేస్తమే"లో ఆ ఏకారం గణం (గురులఘువుల కూర్పు) కోసం తగిలించిన ఊతకర్ర. ఇంకో మాట. ఆ జంటకి ఏడు ఆస్కార్లు వచ్చింది తన్నులాటకే, అవన్నీ పొట్టి చిత్రాలవే. తన్నులాట మాని పాటలు పాడుకున్న సినిమాకి విమర్శకులు పెదవి విరిచారు. పిల్లి సంగతేమో గానీ, చూసినవాళ్లు ఏడ్చారు.

బర్కత్‌పురా బాబాయి: "నేస్తము" అన్నా భగణం చక్కగా సరిపోతుంది. ఏకారం భావం కోసం వేసింది. ఇన్నాళ్లూ కొట్టిన నేస్తమే అని. గుసగుసకీ నోరు విప్పడానికీ తేడా మీకు తెలియనిది కాదు. అయినా ఉగాదికి కందంలో చెల్లని ప్రాసయతి వేసిన మహానుభావులు నాకు ఊతకర్రల గురించి చెప్పాలా?

చిక్కడపల్లి మాస్టారు: అది ప్రాసయతి కాదు. అక్కడ సంధి విడదీసి చూడాలి.

బర్కత్‌పురా బాబాయి: విడదీశాం. ముక్కలయింది గానీ యతి దొరకలేదు.

మోడరేటర్: ఉగాది కందం ఉగాదికే వదిలేయండి. బాబాయ్‌గారి మూడో పాదం నాకు నచ్చింది. సినిమాని ఏ విషయంలో తిట్టారో పద్యం దాని మీదే నిలబడింది.

కూకట్‌పల్లి కోడలు: నాకు ఆ బుల్‌డాగ్ స్పైక్ అంటే ఇష్టం. సినిమా కన్నా పాత బొమ్మల్లోనే వాడి జోరు, ఏమీ అనుకోకండి:

కాపు కాయు బంటు కండల స్పైకన్న
తలుపు సందు నుండి తరలి వచ్చి
కిలకిలమని నవ్వెఁ గిన్నె చాటున దాఁగి
యెలుక, పిల్లిఁ బట్టి యేడిపించె

మోడరేటర్: ఆహా! విరుపంటే ఇదీ. ఎలుక నవ్వి ఊరుకుంది, ఏడిపించింది స్పైకు. మాస్టారూ, సమస్య కాదన్నారుగా, చూడండి.

అమీర్‌పేట కుర్రాడు: "కండల స్పైకన్న"లో ల గురువా, లఘువా? పక్కన స్ప ఉంది కదా, టెన్షన్‌గా ఉంది.

కూకట్‌పల్లి కోడలు: గురువైతే రగణం, లఘువైతే భగణం. రెండూ ఇంద్రగణాలే. కావాలనే అక్కడ కూర్చోబెట్టాను తమ్ముడూ.

చిక్కడపల్లి మాస్టారు: గణం తప్పించుకున్నావు గానీ అన్వయం తప్పించుకోలేవమ్మా. "వచ్చి" రెండో పాదంలో, దాని సమాపకక్రియ నాలుగో పాదం చివర, మధ్యలో ఎలుక నవ్వు. దూరాన్వయం. విరుపుకి మాత్రం నూటికి తొంభై.

అమీర్‌పేట కుర్రాడు: నాకు మొదటి పాదమే కుదిరింది. "సినిమా చూసి వచ్చి చిన్నోడు నవ్వంగ". యతి సరిపోయిందా?

కూకట్‌పల్లి కోడలు: సి, చి సరిపోయాయి. "సినిమా" సగణం, మొదటి అడుగే జారింది. "బొమ్మ చూసి వచ్చి బుడ్డోడు నవ్వంగ" అను. మిగతాది నువ్వే చూసుకో.

చిక్కడపల్లి మాస్టారు: బుడ్డోడు గ్రామ్యం.

కూకట్‌పల్లి కోడలు: మన ఊళ్లో టామ్ అండ్ జెర్రీ చూసేది బుడ్డోళ్లే మాస్టారూ, బాలకులు కాదు.

చిక్కడపల్లి మాస్టారు: బాబాయ్‌గారూ, ఆ ఉగాది కందం మాత్రం ఇక్కడ తేలేది కాదు. ఆదివారం గానసభకి వస్తారుగా?

బర్కత్‌పురా బాబాయి: వస్తాను. మీ లక్షణగ్రంథం మీరు తెచ్చుకోండి, నాది నేను తెస్తాను. టీ మాత్రం మీదే.