ఎస్చువరీని తెలుగులో ఏమందాం? మొగ, ఉప్పుటేరు, పర్ర

ఎసెక్స్ తెలుగమ్మాయి:
అందరికీ నమస్కారమండీ. చిన్న సందేహమే కదా అనుకున్నాను, నెల రోజులుగా తేలడం లేదు. నేనుండేది ఇంగ్లండ్ తూర్పు తీరంలో, కొల్చెస్టర్ దగ్గర. ఇక్కణ్ణుంచి కారులో ఎటు వెళ్ళినా గంటలోపు ఏదో ఒక ఎస్చువరీ, అంటే నదీ సముద్రమూ కలిసే వెడల్పాటి చోటు, తగుల్తుంది. కోల్న్, బ్లాక్‌వాటర్, స్టౌర్, క్రౌచ్. ఇంకా కిందకి వెళ్తే థేమ్స్. మా పాపకి ఈ చోటు గురించి తెలుగులో నాలుగు ముక్కలు రాసిద్దామని కూర్చుంటే మొదటి వాక్యంలోనే బండి ఆగిపోయింది. పాఠ్యపుస్తకంలో నదీముఖద్వారం అని ఉంటుంది. ద్వారం అంటే గుమ్మం. గుమ్మానికి లోపలా బయటా ఉండాలి. ఇక్కడ గుమ్మం ఎక్కడో ఎవరూ చూపించలేరు. పొద్దున వెళ్తే కనుచూపు మేర నీళ్ళు, మీద పడవలు. ఆరు గంటలు ఆగి వెళ్తే నీళ్ళు లేవు, అవే పడవలు బురదలో ఓ పక్కకి ఒరిగి పడుంటాయి. మధ్యలో మిగిలేది ఓ సన్నటి కాలవ.

పోయిన సెప్టెంబరులో నాన్న వచ్చారు. మాది దివిసీమ, నాగాయలంక పక్కన పల్లె. టోల్స్‌బరీ దగ్గర గట్టెక్కించి చూపించాను. పాపం లండన్లో పెద్ద పెద్ద మేడలు చూసి కూడా ఏమీ అనని మనిషి, ఇక్కడ మాత్రం ఆగిపోయి, "ఇదేంటమ్మా, ఇది మన పర్రే కదా!" అన్నారు. అప్పట్నించీ ఆ మాట వదలడం లేదు. ఎస్చువరీని పర్ర అనొచ్చా?

కోనసీమ కొబ్బరాకు:
అనకూడదండీ. పర్ర అంటే నేల. సముద్రం పక్కన పోటుకి తడిసి, ఉప్పు తేలి, పంటకి పనికిరాకుండా ఉండే నేల. మీ నాన్నగారు చూపించింది నేలని, మీరడిగేది నీళ్ళని. నీళ్ళకి మా వైపు మొగ అనే మాట ఉంది. అంతర్వేది అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర వశిష్ఠ గోదారి సముద్రంలో కలిసే చోటు మొగ. మొగ పూడిందంటే బోట్లకి పని లేనట్టే, ఇసుక మేట వేసేసి బయటికి పోలేవు. వేటకెళ్ళేవాళ్ళు ఎవరూ నదీముఖద్వారం అనరు.

టుగాగమం:
మొగానికీ మొగకీ చుట్టరికం ఉందనే నా నమ్మకం. ఆ లెక్కన నదీముఖానికి మన ఇంటి పేరు మొగ. ఇంగ్లీషువాళ్ళూ నది నోరు అనే అంటారుగా. మాట దొరికింది కదమ్మా, పాపకి రాసిచ్చెయ్.

ఎసెక్స్ తెలుగమ్మాయి:
మాష్టారూ, అక్కడే ఇంకో చిక్కు. మన మొగ నది సముద్రంలోకి పోయే చోటు. ఇక్కడిది సముద్రం నదిలోకి వచ్చే చోటు. ఏదో చమత్కారానికి అనడం లేదు, నిజంగానే అంత తేడా. గోదావరి, కృష్ణ ఒండ్రు మోసుకొచ్చి పోసి పోసి నేలని సముద్రంలోకి నెట్టాయి, డెల్టా వేశాయి. ఎసెక్స్ ఏళ్ళు చిన్నవి, వాటికంత ఒండ్రూ లేదు, బలమూ లేదు. మంచు యుగం అయిపోయాక సముద్రం పైకి లేచి పాత లోయల్ని ముంచేసింది. ఇప్పుడు మనం చూసే వెడల్పు నదిది కాదు, మునిగిన లోయది. బ్లాక్‌వాటర్‌లో వచ్చే మంచినీళ్ళు చూస్తే మన ఊరి పంటకాలవ గుర్తొస్తుంది, మొహం మాత్రం కిలోమీటర్ల వెడల్పు.

పోటు కూడా అలాంటిదే. కాకినాడ వైపు అమావాస్య, పౌర్ణములకి నీటిమట్టం తేడా మీటరున్నర ఉంటే ఎక్కువ. ఇక్కడ సౌత్ఎండ్ దగ్గర అయిదు మీటర్లు. పడమటి తీరాన సెవర్న్‌లో అయితే 14 మీటర్ల దాకా పోతుంది, ప్రపంచంలోనే పెద్ద పోట్లలో అదొకటి. సౌత్ఎండ్‌లో సముద్రంలోకి కట్టిన పియర్ రెండు కిలోమీటర్ల పైన పొడుగు. గొప్పకి కట్టింది కాదు. ఆటుకి నీళ్ళు అంత దూరం వెనక్కి పోతాయి, పొట్టిగా కడితే స్టీమర్లు బురదలో దిగబడతాయి.

టుగాగమం:
ఒప్పుకున్నాను. లాటిన్ కూడా నీ వైపే సాక్ష్యం చెబుతోంది. ఎస్చువరీకి మూలం ఈస్టస్ అనే మాట. ఉడుకు, పొంగు, సముద్రపు పోటు, అన్నీ దాని అర్థాలే. అంటే ఆ పేరు పెట్టినవాడు నోరూ చూడలేదు, గుమ్మమూ చూడలేదు. నీళ్ళు పొంగి రావడం చూశాడు. మనకి పొంగే నీటికి పోటు ఉంది, పోటెత్తడం అనే క్రియ ఉంది. మరి పోటేరు అంటే ఎలా ఉంటుంది?

గుంటూరు మిరప:
గుండెపోటులా ఉంటుంది మాష్టారూ.

టుగాగమం:
నవ్వు నాయనా. ఉప్పుటేరు నీకు బానే ఉంది కదా? కొల్లేటి నీళ్ళని సముద్రానికి చేర్చే ఆ ఏటిలోకి పోటు ఎదురెక్కుతుంది, ఉప్పునీళ్ళు లోపలికొస్తాయి, అందుకే ఆ పేరు. అక్కడ కర్మధారయం కాబట్టి ఉత్తు మీద టుగాగమం వచ్చింది, ఉప్పుటేరు. ఇక్కడ పోటు యొక్క ఏరు, షష్ఠి. మామూలు ఉత్వసంధి, పోటేరు. నా పేరు పెట్టుకున్న ఆగమం నాకే పనికిరాకుండా పోయిందని బాధ తప్ప వ్యాకరణం సరిగ్గానే ఉంది.

కోనసీమ కొబ్బరాకు:
వ్యాకరణం సరే. ఎవరూ అనని మాట పిల్లకెందుకండీ? ఉప్పుటేరే అనండి. బతికున్న మాట.

లండన్ వాసి:
మధ్యలో దూరుతున్నాను. భాషా గ్రూపు కాబట్టి చెప్పాలి, ఎస్చువరీ పేరు మీద ఇక్కడ ఒక యాసే ఉంది. ఎస్చువరీ ఇంగ్లీష్. 1984లో డేవిడ్ రోజ్‌వార్న్ అనే ఆయన పెట్టిన పేరు. థేమ్స్ కిందివైపు రెండు గట్ల మీదా వినిపించేది, రాజుగారి ఇంగ్లీషుకీ, తూర్పు లండన్ యాస కాక్నీకీ మధ్యరకం. మాట చివర టకారం గొంతులో మింగేస్తారు, మిల్క్‌లో లకారం కరిగి ఉకారమైపోతుంది. పేరు కూడా భలే అతికింది. అటు ఉప్పూ కాదు, ఇటు మంచినీళ్ళూ కాదు. ఆఫీసులో చేరిన కొత్తలో మా టీమ్ లీడ్ ఏమంటున్నాడో తెలియక రోజూ టెన్షనే.

ఎసెక్స్ తెలుగమ్మాయి:
మా పాప అదే మాట్లాడుతుందండీ, వాటర్‌లో టకారం ఎప్పుడో పోయింది!

పాత ఇంగ్లీషు సంగతి ఒకటి. ఇక్కడికి దగ్గర్లో మాల్డన్ అనే ఊరుంది, ఉప్పుకి పేరు. ఊరి పక్క ఏటిలో నార్తీ అనే దీవి. ఆటుకి దారి తేలుతుంది, పోటుకి మునుగుతుంది. 991లో వైకింగులు ఆ దీవిలో దిగారు, ఇవతలి గట్టున ఇంగ్లీషు సైన్యం. మధ్యలో నీళ్ళు. దాని మీద మిగిలిన పాత పద్యంలో, ఎబ్ తర్వాత ఫ్లడ్ వచ్చింది, ఒకరినొకరు చేరలేకపోయారు అని ఉంటుంది. ఇవాళ ఫ్లడ్ అంటే వరదే అనుకుంటాం. ఆ కవికి అది పోటు. ఎబ్, ఫ్లడ్ అంటే అచ్చంగా మన ఆటూ పోటూ. నీళ్ళు తగ్గాక వైకింగుల్ని దాటనిచ్చి ఆ సేనాని బిర్త్‌నాత్ అక్కడే చచ్చిపోయాడు. పోటు ఉన్నంతసేపూ బతికున్నాడు.

ఊళ్ళ పేర్లు కూడా చూడండి. మెర్సీ, కాన్వీ, నార్తీ, వాలసీ. వీటి చివర వినిపించే 'ఈ' అనే ముక్కకి పాత ఇంగ్లీషులో దీవి అని అర్థం. మన లంక లాంటిది. ఫౌల్నెస్ అని ఇంకోటుంది, వినగానే ఏదో కంపు అనిపిస్తుంది గానీ అసలు అర్థం పిట్టల మొన. నిజంగానే పిట్టలు. చలికాలం సైబీరియా నుంచి బ్రెంట్ బాతులు వేలల్లో దిగుతాయి. ఆ ఫౌల్నెస్‌కి 1922 దాకా బండిదారి సముద్రపు ఇసుకల మీదుగానే. చీపుళ్ళలాంటి పుల్లలు గుర్తుగా పాతేవారట, అందుకే ఆ దారి పేరు బ్రూమ్‌వే, చీపుళ్ళ దారి. మంచు కమ్మి దారి తప్పి, పోటుకి చిక్కి చాలామంది పోయారు.

శ్రీకాకుళం బావ:
ఇవన్నీ బాగున్నాయి. మరి ఉప్పెనకి వాళ్ళేమంటారు?

ఎసెక్స్ తెలుగమ్మాయి:
స్టార్మ్ సర్జ్. రెండు మాటలు కూడబలుక్కోవాలి. అదీ వాతావరణశాఖ మాటే, అవ్వలూ తాతలూ అనేది కాదు. 1953 జనవరి 31 శనివారం రాత్రి ఉత్తర సముద్రం పొంగి ఈ తీరమంతా ముంచింది. ఇంగ్లండ్లో నేల మీద 307 మంది చచ్చిపోయారు, ఒక్క కాన్వీలోనే దాదాపు అరవై మంది. దాన్ని ఇవాళ్టికీ ఫ్లడ్ అనే అంటారు. కాన్వీలో ఆ కథ చెప్తే నాన్న విని, "ఫ్లడ్ కాదది, ఉప్పెన," అన్నారు. 1977 నవంబరు 19న మా దివిసీమని ఉప్పెన ముంచిన నాటికి ఆయన కుర్రాడు. ఆయన మాట సరిచేసే పని నేను పెట్టుకోలేదు.

తర్వాత రోజు వాలసీ దీవికి తీసుకెళ్ళాను. అక్కడ సముద్రపు కరకట్టకి 2015లో కావాలనే గండి కొట్టారు. లండన్ కింద క్రాస్‌రైల్ అనే రైలుదారికి సొరంగాలు తవ్విన మట్టి 30 లక్షల టన్నుల పైచిలుకు తెచ్చి పోసి, పొలాన్ని మళ్ళీ పర్రగా మార్చారు. ఆ పర్ర పోటు దెబ్బని ముందే కాచుకుంటుందని, పిట్టలకీ చోటని. ఆఫీసు భాషలో దానికి మేనేజ్డ్ రీఅలైన్‌మెంట్ అని పేరు. నాన్నకి మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. కరకట్టకి గండి పడడం తెలుసు ఆయనకి. గండి కొట్టడం అంటే ఒకడి పొట్ట కొట్టడమే. పిట్టల్ని కాపాడే సంస్థవాళ్ళే కొట్టి బోర్డు కూడా పెట్టారంటే నమ్మలేదు. బోర్డు చదివించుకున్నారు.

కోనసీమ కొబ్బరాకు:
మీరు కరకట్ట, గండి, పర్ర, పోటు అన్నీ వాడేశారు. ఎస్చువరీ అనే మాట లేకుండానే పాపకి అంతా చెప్పేయొచ్చు కదండీ!

టుగాగమం:
పోటేరు కూడా ఒక మూల పెట్టమ్మా.

గుంటూరు మిరప:
బురద సంగతి ఎవరూ చెప్పలేదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు. ఆ బురదని అడుసు అనొచ్చా, రొంపి అనాలా?

ఎసెక్స్ తెలుగమ్మాయి:
దిగబడితే మోకాలు దాటుతుందండీ. పాప బూటు ఒకటి టోల్స్‌బరీలో ఇప్పటికీ ఉంది. నాన్న అయితే రొంపి అన్నారు. శనివారం పెద్ద పోటు, మెర్సీ దీవికెళ్ళే రోడ్డు మునుగుతుంది, కార్లు రెండు వైపులా ఆగిపోయి నీళ్ళు దిగేదాకా కూర్చుంటాయి. నేనూ ఆ వరసలోనే ఉంటాను, ఖాళీయే కాబట్టి మాష్టారి పోటేరుని పాప మీద ప్రయోగించి ఏమంటుందో వచ్చి చెప్తాను.