రక్తపోటులో ‘పు’ ఎక్కడికి పోయింది?

గోదారిగట్టు: బీపీ జన్యువుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. మా అమ్మమ్మ అనేది, “వంశాన పోటుంటే వంటింట ఉప్పు...” అని. చివర ‘దాచు’నా, ‘చూసుకో’నా? రెండు రోజులుగా నోట్లో నానుతోంది. ఎవరైనా విన్నారా?

అరసున్న: వినలేదు. కానీ ‘రక్తపోటు’ వైరి సమాసం, సంస్కృతం మాటకి తెలుగు మాట అతికించారు. ‘రక్తపు పోటు’ అని రాయండి.

పాతఅటక: ‘ము’ పోయి ‘పు’ వచ్చే పుంప్వాదేశం కర్మధారయానికి కదండీ! ఇది రక్తం యొక్క పోటు, షష్ఠి.

అరసున్న: వాడుకలో ‘పు’ షష్ఠికీ వస్తుంది. వ్యాకరణం రాసిన చిన్నయసూరిగారి దగ్గరే ఆగిపోతే ఎలా?

తెల్లకోటు: నా దగ్గరికొచ్చే వాళ్ళందరూ బీపీ అనే అంటారు, ఏ సమాసమూ లేదు. అసలు చిక్కు వేరే చోట. పూర్వీకుల మూలానికి ‘జాతి’ అని మాత్రం పెట్టకండి. 1997లో వచ్చిన సర్వేలో ఆఫ్రికా మూలాలవాళ్ళలోనే అధిక బీపీ పశ్చిమ ఆఫ్రికాలో 16 శాతం, కరీబియన్ దీవుల్లో 26, షికాగో పక్కన 33. విత్తు ఒకటే, నేల మారింది.

గోదారిగట్టు: ‘వంశమూలం’ అంటే?

పాతఅటక: వంశమంటే వెదురు కూడానండోయ్. వెదురు దుంప అనుకుంటారు.

అరసున్న: ముందు ‘పోటు’ తేల్చండి. ఆటుపోట్ల పోటా, కత్తిపోటా?

గోదారిగట్టు: మా యానాం వైపు నీళ్ళు పోటు మీదున్నాయంటే సముద్రం లోపలికి తోస్తోందని. నా ఓటు దానికే.

పాతఅటక: తిరుమలలో లడ్డూలు చేసేదీ పోటే. అక్కడ బీపీ కాదు, షుగర్!

అరసున్న: తలపోటు మరిచారు. ‘పొడుచు’ నుంచి వచ్చిందే. ఉప్పు మాటొచ్చింది కాబట్టి, వేమన్న ఉప్పునీ కప్పురాన్నీ పక్కపక్కన పెట్టినంత తేలిగ్గా ఇంకెవరు పెట్టారు?

తెల్లకోటు: ఉప్పులు ఒకటే అయినా ఒళ్ళు వేరు, వేమన్న ఆ పద్యం బాకీ! కిడ్నీలో పనిచేసే సీవైపీ3ఏ5 అనే జన్యువుంది. అది చురుగ్గా పనిచేసే రూపం భూమధ్యరేఖ దగ్గరివాళ్ళలో ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. ఎండకు చెమటలో ఉప్పు పోకుండా పట్టుకోవడానికేనని ఒక ఊహ. బీపీతో ముడిపడిన చోట్లు జన్యువుల్లో వెయ్యి దాటాయి, దాదాపు ఏదీ ఒంటరిగా ఒక పాయింటు కూడా కదపదు. పైగా ఎక్కువ వెతికింది యూరప్ మూలాలవాళ్ళలో. ఆ లెక్క మన ఒంటికి అలాగే అతకదు.

పాతఅటక: ‘అతకదు’ బాగుంది. ‘అన్వయించదు’ అని రాసి చంపుతారు కొందరు.

గోదారిగట్టు: ఇంతకీ దాచునా, చూసుకోనా?

అరసున్న: ‘చూచుకో’ అయి ఉండాలి. ‘చూసుకో’ కాదు.