విండోస్ థ్రెడ్ కోడ్‌ని లినక్స్, మ్యాక్‌లకు మారుస్తుంటే ఒక థ్రెడ్ నిద్ర లేవట్లేదు

కాకినాడకోడర్:
మా దగ్గర పాత సీప్లస్‌ప్లస్ సర్వర్ ఉంది, విండోస్ కోసమే రాసింది. ఇప్పుడు లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడవాలంటున్నారు. నాకంటే ముందు చేసినవాళ్లు ఒక హెడర్‌లో ఇఫ్‌డెఫ్‌లు (ఏ సిస్టమ్‌కి ఏ కోడ్ అని ఎంచే షరతులు) పెట్టి, క్రిటికల్ సెక్షన్ (విండోస్ లాక్) స్థానంలో పీథ్రెడ్ మ్యూటెక్స్ (లినక్స్, మ్యాక్‌ల లాక్), ఈవెంట్ (ఆగి ఉన్న థ్రెడ్‌ని లేపే విండోస్ సంకేతం) స్థానంలో కండిషన్ వేరియబుల్ (అదే పనికి పీథ్రెడ్‌లో ఉన్నది) వాడారు. కంపైల్ అవుతోంది. కానీ లినక్స్‌లో అప్పుడప్పుడు ఒక థ్రెడ్ అలాగే పడి ఉంటోంది. లాగ్ పెడితే బాగానే నడుస్తుంది, తీసేస్తే మళ్లీ మొదటికే. ఎవరికైనా ఇలా అయిందా?

కెర్నల్‌పిచ్చి:
పేర్లు మార్చారు, ప్రవర్తన సంగతి చూడలేదు. విండోస్ క్రిటికల్ సెక్షన్‌ని పట్టుకున్న థ్రెడ్డే మళ్లీ పట్టుకోవచ్చు. లినక్స్ డిఫాల్ట్ మ్యూటెక్స్‌ని అలా రెండోసారి అడిగితే థ్రెడ్ తన కోసం తానే ఎదురుచూస్తూ ఆగిపోతుంది. రికర్సివ్ అని యాట్రిబ్యూట్ పెట్టాలి. అయితే లాగ్ పెడితే (దాంతో టైమింగ్ మారుతుంది) పోతోందంటే నా అనుమానం ఈవెంట్ మీద. ఆటో రీసెట్ ఈవెంట్ గుమ్మంలో వేసి వెళ్లిన ఉత్తరం, కండిషన్ వేరియబుల్ వీధిలో వేసిన కేక. ఎవరూ వెయిట్ చేయకపోయినా ఈవెంట్ సెట్ అయ్యే ఉంటుంది, తర్వాత వచ్చిన థ్రెడ్ వెంటనే దాటిపోతుంది. రెండోదాంట్లో ఆ సమయానికి ఎవరూ లేకపోతే సిగ్నల్ పోయినట్టే. పక్కన ఒక బూల్ (ట్రూ/ఫాల్స్ ఫ్లాగ్) పెట్టి, వైల్ లూపులో చూడాలి. ఇఫ్ పెట్టొద్దు, కారణం లేకుండా మెలకువ రావడం పాసిక్స్‌లోనూ (లినక్స్, మ్యాక్‌లు అనుసరించే ప్రమాణం) ఉంది, విండోస్ కండిషన్ వేరియబుల్‌లోనూ ఉంది.

కాకినాడకోడర్:
బూల్ ఉంది అన్నా, వైల్ కూడా ఉంది. కానీ బూల్‌ని ట్రూ చేసేచోట లాక్ లేదు. "అటామిక్ కాబట్టి అక్కర్లేదు" అని కామెంట్ రాసి ఉంది (అటామిక్ అంటే మధ్యలో ఇంకో థ్రెడ్ దూరకుండా మారే విలువ).

కెర్నల్‌పిచ్చి:
ఆ కామెంటే మీ బగ్. వెయిట్ చేసేవాడు బూల్ చూశాడు, ఫాల్స్. నిద్రలోకి జారేలోపు మీరు ట్రూ చేసి సిగ్నల్ ఇచ్చేశారు. ఇక వాణ్ని లేపేవాడు లేడు. అటామిక్ అయినా సరే, విలువ మార్చేటప్పుడు అదే మ్యూటెక్స్ పట్టుకోవాలి. సిగ్నల్ మాత్రం లాక్ వదిలాక ఇచ్చినా ఫర్వాలేదు.

మ్యాక్‌మనిషి:
మ్యాక్ సంగతి ముందే చెబుతున్నా. పేరులేని సెమాఫోర్ (ఒకేసారి ఇన్ని థ్రెడ్లే అని లెక్కపెట్టే గేటు) కోసం సెమ్ ఇనిట్ పిలిస్తే కంపైల్ అవుతుంది, నడిచేటప్పుడు మాత్రం -1 ఇస్తుంది. రిటర్న్ విలువ చూసే అలవాటు మనలో ఎంతమందికుంది! మ్యాక్ సొంత డిస్పాచ్ సెమాఫోర్ వాడండి. మ్యూటెక్స్ టైమ్డ్ లాక్, సెమ్ టైమ్డ్ వెయిట్ కూడా అక్కడ లేవు. ఇంకోటి, మనం సృష్టించే థ్రెడ్లకు మ్యాక్‌లో డిఫాల్ట్ స్టాక్ 512 కేబీ, లినక్స్‌లో మామూలుగా 8 ఎంబీ. పెద్ద లోకల్ అర్రేలు ఉంటే క్రాష్‌ని లాక్‌ల మీదకి నెట్టకండి.

క్యూఏ_అక్క:
టైమౌట్లు కూడా చూడు తమ్ముడూ. విండోస్‌లో "ఇన్ని మిల్లీసెకన్లు ఆగు" అంటాం. పీథ్రెడ్ కాండ్ టైమ్డ్‌వెయిట్ "ఫలానా సమయం దాకా ఆగు" అంటుంది, అదీ డిఫాల్ట్‌గా గోడ గడియారం లెక్కన. టెస్ట్ మెషీన్‌లో టైమ్ గంట వెనక్కి జరుపు, 5 సెకన్ల టైమౌట్ గంట దాటాక గానీ రాదు. లినక్స్‌లో సెట్‌క్లాక్‌తో మోనోటోనిక్ (వెనక్కి జరగని) గడియారం పెట్టొచ్చు. మ్యాక్‌లో ఆ సెట్‌క్లాక్ లేదు, దానికి బదులు రిలేటివ్ ఎన్‌పీ అనే సొంత ఫంక్షన్ ఉంది.

సుబ్బు_సీప్లస్:
2011 నుంచి స్టాండర్డ్‌లోనే మ్యూటెక్స్, కండిషన్ వేరియబుల్ ఉన్నాయి కదండీ. సీప్లస్‌ప్లస్ 20లో సెమాఫోర్ కూడా వచ్చింది. ఈ ఇఫ్‌డెఫ్ హెడర్ ఇంకా ఎందుకు మోస్తున్నారు?

కెర్నల్‌పిచ్చి:
కొత్త కోడ్‌కి సుబ్బుగారి మాటే నాది. పాత కోడ్‌లో విండోస్ ఫంక్షన్ వెయిట్ ఫర్ మల్టిపుల్ ఆబ్జెక్ట్స్ కనిపిస్తే మాత్రం స్టాండర్డ్ లైబ్రరీ కాపాడదు. ఒకే పిలుపుతో ఈవెంట్లు, ప్రాసెస్‌లు, టైమర్లు కలిపి 64 హ్యాండిళ్ల దాకా కాచుకునే పని పాసిక్స్‌లో లేదు. అన్నీ ఈవెంట్లే అయితే ఒక మ్యూటెక్స్, ఒక కండిషన్ వేరియబుల్, కొన్ని ఫ్లాగ్‌లతో సరిపెట్టొచ్చు. సాకెట్లు కూడా కలిస్తే లినక్స్‌లో ఈవెంట్‌ఎఫ్‌డీతో ఈపోల్, మ్యాక్‌లో కేక్యూ. ఆ భాగం విడగొట్టి మళ్లీ రాయడమే.

కాకినాడకోడర్:
లాక్ పెట్టి రాత్రంతా నడిపాను, థ్రెడ్ ఆగలేదు. ఇప్పుడు ఆర్మ్ మ్యాక్‌లో ఇంకో గొడవ: "రెడీ" ఫ్లాగ్ ట్రూ అయ్యాక కూడా డేటా పాతదే కనిపిస్తోంది. ఫ్లాగ్ వోలటైల్ (ప్రతిసారీ మెమరీలోంచే చదవమని కంపైలర్‌కి చెప్పే గుర్తు).

మ్యాక్‌మనిషి:
ఎక్స్86 (ఇంటెల్ రకం ప్రాసెసర్) మీద మైక్రోసాఫ్ట్ కంపైలర్ వోలటైల్‌కి డిఫాల్ట్‌గా అక్వైర్, రిలీజ్ హామీ ఇస్తుంది, అంటే ఫ్లాగ్‌కి ముందు రాసిన డేటా ఫ్లాగ్ చూసినవాడికి కనిపిస్తుంది. క్లాంగ్, జీసీసీ ఇవ్వవు. పైగా ఆర్మ్ ప్రాసెసర్ రాతల వరస మార్చగలదు. దాన్ని స్టాండర్డ్ అటామిక్ చేయండి.

క్యూఏ_అక్క:
మిగతా వోలటైల్‌లన్నీ గ్రెప్ చేసి (కోడంతా వెతికి) చూడు. తర్వాత క్లాంగ్‌లో థ్రెడ్ శానిటైజర్ పెట్టి లినక్స్ బిల్డ్ నడుపు. నెమ్మదిగా నడుస్తుంది, కానీ ఏ రెండు లైన్లు కొట్టుకుంటున్నాయో చూపిస్తుంది. ఆ రిపోర్ట్ ఇక్కడ పెట్టు, చూద్దాం.