“నెట్ రావట్లేదు” అంటే ఏది రావట్లేదు?

ప్రశ్న:
మా నాన్నగారు తెనాలిలో, నేను పుణెలో. తరచూ ఫోన్ చేసి “లాప్‌టాప్‌లో నెట్ రావట్లేదురా” అంటారు. వైఫై తెగిపోయినా అదే మాట, పేజీ నెమ్మదిగా తెరుచుకున్నా అదే మాట, పాస్‌వర్డ్ తప్పు కొట్టినా అదే. అమ్మ “పట్టట్లేదు” అంటుంది. పక్కింటి కుర్రాడు “సిగ్నల్ అందట్లేదన్నా” అంటాడు. ఈ మూడూ ఒకటేనా? వేరైతే, నాన్నగారిని ఏమని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది?

జవాబు:
ఒకటి కాదండీ. “రావట్లేదు” మనకు కరెంటుతో అలవాటైన మాట. కరెంటు వస్తుంది, పోతుంది. కుళాయి నీళ్లూ అంతే. ఎవరు పంపుతున్నారో, దారిలో ఎక్కడ ఆగిందో ఆ క్రియ చెప్పదు. (“తీసేశారు” అన్నప్పుడే వెనక మనిషి ఉంటాడు. బిల్లు కట్టకపోతే నెట్ పోదు, తీసేస్తారు.) నాన్నగారి మాటలో తప్పు లేదు గానీ, దాన్ని పట్టుకుని మీరు ఏమీ వెతకలేరు.

అమ్మగారి మాటే నాకు నచ్చింది. గొళ్లెం పట్టట్లేదు, మర పట్టట్లేదు అంటాం, రెండు వస్తువులు ఒకదాంట్లో ఒకటి కూర్చోలేదని. లాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్య ముందు జరగాల్సింది అదే: పాస్‌వర్డ్ సరిపోవాలి, ఆ తర్వాత రూటర్ ఒక ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్క్‌లో లాప్‌టాప్‌ని గుర్తించే అంకె, ఇవ్వాలి. కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, కానీ విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే చిరునామా 169.254తో మొదలవుతుంది. అంటే రూటర్ ఇవ్వాల్సింది ఇవ్వలేదు, లాప్‌టాప్ తనకు తానే ఒకటి తగిలించుకుంది. పట్టీ పట్టనట్టు అంటామే, అది. ఆ నెట్‌వర్క్‌ను లాప్‌టాప్ నుంచి తీసేసి మళ్లీ కలపడం, రూటర్‌ని ఆపి మళ్లీ ఆన్ చేయడం దీనికి పనిచేసే మందులు.

ఇందులోనే ఒక మెలిక ఉంది. “లాప్‌టాప్‌కి వైఫై పట్టట్లేదు” అంటే నాకు నిద్ర పట్టట్లేదన్నట్టు. తప్పు ఎవరిదో తేలలేదు. “లాప్‌టాప్ వైఫై పట్టుకోవట్లేదు” అంటే నేరం లాప్‌టాప్ మీద పడింది. “పట్టు”కి తగిలిన ఆ “కొను” ఊరికే చేరదు. అదే చోట ఫోన్ బాగా పనిచేస్తుంటేనే రెండో మాట అనాలి.

కాబట్టి “ఏమైంది నాన్నా” అని అడక్కండి. “పోయినప్పుడు అదే గదిలో, అదే వైఫైతో ఫోన్‌లో వస్తోందా?” అని అడగండి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపించి మరీ. లేకపోతే వైఫై పోగానే ఫోన్ గుట్టుగా డేటాకి మారిపోతుంది, నాన్నగారు “ఫోన్‌లో బ్రహ్మాండంగా వస్తోంది” అంటారు.

ఫోన్‌లో వచ్చి లాప్‌టాప్‌లో ఉండుండి పోతుంటే విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, వైఫై అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్‌లో, కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపేసే అనుమతికి టిక్ తీసేయండి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ ట్యాబే కనపడదు. అప్పుడు డ్రైవర్ (ఆ అడాప్టర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) కొత్తది వేయడమే. పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ పెట్టుకుంటారేమో కూడా అడగండి. వైఫై నడిచే రేడియో బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర అది రొద చేస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్‌దీ అదే బ్యాండు.

కరీంనగర్ నుంచి:
మా దిక్కు “వస్తలేదు”, “అందుతలేదు” అంటరు. అర్థం మీరు చెప్పిందే. కాకపోతే మా ఇంట్ల “ఫోను సిగ్నల్ గుంజుతలేదు” అని ఇంకో మాట ఉంది. సిగ్నల్ ఉన్నది, గుంజే బలమే దీనికి లేదని. మీ “పట్టుకోవట్లేదు” కంటె ఇది గట్టి మాట అనిపిస్తది నాకు.

మరొకరు:
“అనుసంధానం అస్థిరంగా ఉంది” అని చక్కటి తెలుగు ఉండగా ఇవన్నీ ఎందుకు?

జవాబు:
నాన్నగారికి ఫోన్ చేసి ఆ మాట అని చూడండి.

ఇంకొకరు:
“అందట్లేదు” అంటే దూరం అనేస్తారు అందరూ. అటక చేతికి అందదు, నిజమే. కానీ ఉత్తరం అందలేదు, జీతం అందలేదు అంటాం. అక్కడ దూరం ప్రసక్తి ఎక్కడుంది?

జవాబు:
మంచి మాట. వైఫైలో ఆ రెండర్థాలూ పనికొస్తాయి. వైఫైకున్న మరో బ్యాండు, 5 గిగాహెర్ట్జ్, వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది, అక్కడ అందకపోవడం అటక లాంటిదే. ఉత్తరం సంగతి ఇంకా ఆసక్తికరం. తెరమీద గీతలు నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోదు ఒక్కోసారి. ఆ గీతలు రూటర్ మాట మనదాకా ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతాయి. మన మాట రూటర్‌దాకా వెళ్లిందో లేదో చెప్పవు. మామూలుగా లాప్‌టాప్ పంపే సిగ్నల్‌కి రూటర్‌ది ఉన్నంత బలం ఉండదు. అటునుంచి అందుతుంది, ఇటునుంచి అందదు.

ప్రశ్న అడిగినవారు:
అడిగానండీ. వెనక గదిలో ఫోన్‌లోనూ పోతోంది. రూటర్ హాల్లో టీవీ పక్కన, మధ్యలో ఇనప బీరువా ఉంది. మా ఇంటి వైఫైకి రెండు పేర్లు లేవు, ఒక్క పేరే కనపడుతోందట. రూటర్‌మీద ఎర్ర దీపం లేదన్నారు.

జవాబు:
ఎర్ర దీపం, అంటే ఫైబర్‌లో సిగ్నల్ రావట్లేదని చెప్పే ఎల్‌ఓఎస్ దీపం, వెలగట్లేదంటే బయటి ఫైబర్ తెగలేదు. అయినా ఒకసారి తేల్చుకోండి. పోయిన క్షణంలోనే లాప్‌టాప్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ (ping) 192.168.1.1 కొట్టించండి, అది అవతలివాళ్లు పలుకుతున్నారా అని అడిగే ఆదేశం (రూటర్ చిరునామా వేరైతే అది, ఐపీకాన్ఫిగ్‌లో డిఫాల్ట్ గేట్‌వే దగ్గర ఉంటుంది). రూటర్ జవాబివ్వకపోతే గొడవ ఇంట్లోనే. రూటర్ పలికి, బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8 పలకకపోతే అప్పుడు కంపెనీకి ఫోన్ చేయాలి, అప్పుడే “రావట్లేదు” సరైన మాట.

మీరు చెప్పినదాన్నిబట్టి ఇది అందకపోవడమే. ఇనుము రేడియో తరంగాల్ని వెనక్కి కొడుతుంది. బీరువా చాటున ఉన్న గదికి మిగిలేది కొంచెమే. బీరువా కదిలించడం కంటే రూటర్‌ని టీవీ పక్కనుంచి తీసి, ఎత్తులో, వెనక గది గుమ్మానికి ఎదురుగా పెట్టడం తేలిక. ఫైబర్ తీగ మాత్రం గట్టిగా మడవకూడదు. రెండు బ్యాండ్లకూ ఒకే పేరుంటే లాప్‌టాప్ 5కీ 2.4కీ మధ్య ఊగుతుండొచ్చు. సెట్టింగుల్లో రెండు పేర్లు పెట్టి, వెనక గదిలో 2.4దే వాడమనండి. 2.4 బ్యాండులోని ఛానెల్ 1, 6, 11లలో పక్కిళ్ల వాళ్లు తక్కువగా వాడుతున్నది ఎంచుకోండి. పక్కింటి కుర్రాడు ఎలాగూ ఉన్నాడుగా, పేరు మార్చే పని అతనికి అప్పజెప్పండి. ఫోన్లో చెప్పి నాన్నగారితో రూటర్ సెట్టింగులు మార్పించాలని చూడకండి.