1985 రివ్‌సాల్ట్ సీసా: పక్కన ఏం పెట్టాలి?

అందరికీ నమస్తే. మేం తులూజ్‌లో ఉంటాం. నేను పుట్టింది 1985లో అని తెలిసి, ఆఫీసులో ఒక పెద్దాయన అదే ఏడాది రివ్‌సాల్ట్ అంబ్రే (దక్షిణ ఫ్రాన్స్‌లో చేసే తీపి వైన్) సీసా ఇచ్చారు. పులుస్తుండగానే ఆల్కహాల్ కలిపి ఆపేస్తారు కాబట్టి ద్రాక్ష తీపి అలాగే మిగులుతుందట.

నిన్న తీస్తుంటే బిరడా సగంలో విరిగి పొడంతా లోపల పడింది. టీ వడకట్టే జల్లెడతో వడకట్టాను, నవ్వకండి. రంగు అచ్చం టీ డికాక్షనే. ఎండు అంజీర్, నారింజ తొక్క, వేయించిన వాల్‌నట్ వాసన.

శనివారం నలుగురు భోజనానికి వస్తున్నారు. రోక్‌ఫోర్ చీజ్ ఎలాగూ పెడతాను. నా టెన్షన్ అంతా స్వీటు గురించే. డార్క్ చాక్లెట్ అంటే అందరూ బాన్యుల్స్ అంటారు, అదీ ఇలాంటి తీపి వైనే, కానీ ఎక్కువగా నల్ల గ్రెనాష్ ద్రాక్షతో చేసేది. మా అంబ్రే వైన్, చాక్లెట్ ముందు తేలిపోతుందా? వాల్‌నట్ టార్ట్ నయమా? మా ఆవిడ బొబ్బట్లు చేస్తానంటోంది. తీపి మీద తీపి అయి మొహం మొత్తుతుందేమోనని నా భయం.

ఫ్రిజ్‌లోంచి ఎంత ముందు తీయాలి? తాగి చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్.